నగిషీ రంపము – నమూనా రచన

మన యిండ్లలో చిత్రరచన చేయని స్త్రీ యరుదు. వాకిట ముగ్గు, పెండ్లిపీటపై పద్మము, అరచేత గోరింట, రవికపై కుట్టుపూవు – ఇవన్నియు నమూనాలే. అయినను వీనిని ప్రొద్దుపోక పనులుగా నెంచుటయే గాని విద్యగా నెంచువారు తక్కువ. ముగ్గు సాయంకాలమునకు చెరిగిపోవును. గోరింట కొలది దినములలో వెలిసిపోవును. వానితో పాటు వానిని కల్పించిన బుద్ధియు మరపున బడును. ఈ విద్య నిలుకడగల వస్తువునందు ప్రవేశింపవలెనన్నచో క్రొత్తగా నేమి నేర్వవలయునో సోదరీమణులకు తెలుపుటకై, మాకు పరిచితురాలగు నొక నమూనాకర్త్రి యనుభవము నాధారముగ గొని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆమె చేనేతవారు విరివిగా నున్న యొక పట్టణమున పుట్టినది. పదునేడవ యేటి నుండి చీరల యంచులకును కొంగులకును నమూనాలు వ్రాయుటయే యామె వృత్తి. గళ్ల కాగితముపై నొక్కొక్క గడిని నొక్కొక్క పోగుగా నెంచి హంసలను, మామిడిపిందెలను, రుద్రాక్షలను దిద్దెడిది. ఆ కాగితమును బట్టియే మగ్గముమీది జకార్డు అట్టలకు బెజ్జములు కొట్టుదురు. ఇట్లు నలువదేండ్లు గడచినవి. పిదప కంప్యూటరుపై నమూనాలు వ్రాయువారు వచ్చిరి. ఆమె యింటికి వచ్చు పని సగమై, పాతికై, తుదకు నిలిచిపోయెను. చేతిలో విద్య యున్నది. దానిని కోరువారు లేరు. ఇట్టి స్థితిలో, ఏబదియెనిమిదేండ్ల వయసున, తమ్ముని వడ్రంగిశాలలో నామె కొక యంత్రము కంటబడెను. దానిని స్క్రోల్ సా యందురు. మేము దానిని నగిషీ రంపమని పిలుచుచున్నాము.

ఇది చిన్న యినుప బల్లవంటిది. బల్ల నడుమ నొక బెజ్జము. దానిగుండ నిలువుగా బిగించిన సన్నని రంపపుటాకు నిమిషమునకు నాలుగైదు వందలు మొదలుకొని 1,500 మారులకు పైగా మీదికి క్రిందికి నాడును. ఆకు పొడవు సుమారు 5 అంగుళములు, వెడల్పు 1 మిల్లీమీటరున కటునిటు. వడ్రంగి చేతిరంపమున కొయ్య కదలక రంపము సాగును. ఇందు రంప మొకచోటనే యాడుచుండగా కొయ్యను మనము రెండు చేతులతో త్రిప్పుదుము. కుట్టుయంత్రపు సూదిక్రింద గుడ్డను త్రిప్పు చేతి కీ పని మిక్కిలి పరిచితము. పలక లోపలి భాగమును తీయవలసినచో ముందుగా బరమాతో చిన్న బెజ్జము వేసి, ఆకు నొక కొన విప్పి, బెజ్జమున దూర్చి, మరల బిగించి కోయవలెను. ఒక జాలీలో నూరు కిటికీలున్నచో నూరుమారులు విప్పి బిగింపవలసినదే.

ఆమె మొదట వ్రాసియిచ్చినది దేవుని మందిరపు తలుపునకై యొక నెమలి. పింఛము నిండ కన్నులు, కన్నుకన్నున నొక చుక్క. తమ్ముడు చూచి, "అక్కా, నీవు వ్రాసినది వ్రాసినట్లు కోసినచో నీ నెమలి నేలపాలగును" అనెను. ఆమెకు బోధపడలేదు. అత డదే నెమలిని పలుచని యట్టపై నంటించి చాకుతో కోసి చూపగా చుక్కలన్నియు జలజల రాలెను. తల తోడుగా మెడయు నూడివచ్చెను.

నలువదేండ్ల వృత్తిలో తట్టని ధర్మ మొకటి యా దినమున నామెకు తెలిసినది. ముగ్గునకు నేల యాధారము. చీరపై బుట్టాకు వస్త్ర మాధారము. పెడనలో కలంకారీ యద్దకమునకై టేకు కొయ్యపై చెక్కు నచ్చులందును పూవునకు నాకునకు నడుమ నెడముండవచ్చును. వెనుకనున్న దిమ్మె యన్నిటిని పట్టియుండును. కోతపనిలో వెనుక నేమియు లేదు. చిత్రములోని ప్రతి భాగమును మరియొక భాగమును పట్టుకొనియే నిలువవలెను. అట్లు పట్టియుంచు సన్నని కొయ్యకు వారధి యని పేరు పెట్టుకొందము. మంచి నమూనాలో వారధి వారధిగా కనబడదు. పూవునకు కాడయై, పక్షికి కొమ్మయై, దీపమునకు గొలుసై చిత్రములో కలిసిపోవును. నమూనా రచనయొక్క రహస్యమంతయు నిదియే యని యామె చెప్పును.

మన ముగ్గులనే యీ దృష్టితో చూడుడు. విడివిడి పూవులు గల ముగ్గును కొయ్యపై కోయుటకు వారధులు క్రొత్తగా కల్పింపవలెను. మెలికల ముగ్గు సంగతి వేరు. అందు గీత చుక్కల చుట్టును తిరుగుచు, మాటిమాటికి తన్ను తాను దాటుచు పోవును. ఆ గీతను కొంత వెడల్పుగల కొయ్యగా నుంచి నడిమి ఖాళీలను తీసివేసినచో, గీత గీతను దాటినచోటెల్ల ముడి వలె బిగిసి జాలీ యంతయు నొక్కటిగా నిలుచును. చుక్కలను మాత్రము వదలుకొనవలెను. ముగ్గునకు పునాదియైన చుక్కకు జాలీలో చోటు లేదు. ఆమె నెమలి రెండవమారు వ్రాయబడినప్పుడు కన్నులలో చుక్కలు లేవు. ప్రతి కన్నును ప్రక్క కన్నును తాకుచుండెను. మెడ తీగెల నానుకొనియుండెను. ఆ నెమలి నిలిచినది.

అంతటితో పని తీరలేదు. గళ్ల కాగితము నేర్పిన యలవాటున నామె వంపులన్నియు మెట్లుమెట్లుగా నుండెడివి. మగ్గమునకు మెట్లు తప్పవు. రంపమునకు ధారగా సాగు వంపు కావలెను. మరియు కొయ్యకు నార యుండును. నారకడ్డముగా సన్నని భాగమును నిలిపినచో చిటుక్కున విరుగును. కావున మెడయు కాడయు నార వెంబడి సాగవలెను. ప్లైవుడ్డులో పొరల నార యొకదాని కొకటి యడ్డముగా నుండును గనుక నీ భయము తక్కువ. ఇక రంపపుటాకు తయారగునప్పుడే పండ్లకొకవైపు గరుకు మిగులుట సాధారణము. అందుచే కొయ్య నొకింత యోరగా నందించిననే కోత తిన్నగా వచ్చును. ఇవి కాగితముపై తెలియునవి కావు. తాను కోయని నమూనాను పరులకీయరాదని నిశ్చయించుకొని యామె రంపమున కూర్చుండెను. "ఈ వయసున రంపమేమి?" అని బంధువు లడిగిరి. ఆమె బదులు చెప్పక ఆరు నెలలు పనికిరాని ప్లైవుడ్డు ముక్కలపై గీతలు కోసినది.

మొదలిడగోరు సోదరీమణులకు కొన్ని మాటలు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలక తొలిపనికి చాలును. నమూనా కాగితమును పలకపై నంటించి, తీసివేయవలసిన భాగములను నల్లగా నింపుడు. ముందు నడిమి కిటికీలను, అందును చిన్నవానిని, కోసి తుదిని వెలుపలి హద్దును కోయుడు. మొదలే హద్దు కోసినచో చేతికి పట్టు దొరకదు. వారధి వెడల్పు పలక దళసరికి తక్కువ కాకుండుట యా సోదరి పాటించు నియమము. మూడు నాలుగు పలకలను టేపుతో నొకటిగా కట్టి కోసినచో నొక్క శ్రమతో నన్ని ప్రతులు వచ్చును. పిదప ఉప్పుకాగితముతో రుద్దవలెను. పైటకొంగు బిగించి, వ్రేలాడు గొలుసులు తీసి, కండ్లద్దములు పెట్టుకొని కూర్చుండుడు. ముక్కునకు మాస్కు తప్పదు. కొయ్యపొట్టు ధూళి యేండ్లతరబడి పీల్చినచో క్యాన్సరు కలుగవచ్చునని వైద్యశాస్త్రము నిర్ణయించినది.

ఈ కళ నేటిది కాదు. పలకలను జతగా పేర్చి కోయు పద్ధతిని పారిసు నగరమున ఆంద్రె షార్ల్ బూల్ (1642–1732) తాబేటిచిప్పను ఇత్తడిని కలిపి కోయుట కుపయోగించి ప్రఖ్యాతి గాంచెను. 1760 ప్రాంతమున లండనులో జాన్ స్పిల్స్‌బరీ దేశపటములను కొయ్యపై నంటించి హద్దుల వెంబడి కోసి బాలురకు భూగోళము నేర్పు సాధనముగ నమ్మెను. 1895లో ఇంగ్లండున ప్రారంభమైన హాబీస్ వారపత్రిక యీ కోతపని నమూనాలను పాఠకుల కందించుచు వచ్చినది. 1909 ప్రాంతమున అమెరికాలో ముక్కలబొమ్మల వ్యామోహము పెచ్చుపెరిగినప్పుడు పార్కర్ బ్రదర్స్ సంస్థలో వానిని కోసినవా రధికముగ స్త్రీలే. మన దక్షిణదేశమున మైసూరు పనివారు సన్నరంపముతో రంగురంగుల కొయ్యలను కోసి జిట్టేగి పలకలో పొదుగుదురు. పూర్వము దంతమును పొదిగెడివారు. దంతపు వర్తకము నిషిద్ధమగుటచే నేడు కొయ్యయే దానిస్థానము నాక్రమించినది.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. చీర నమూనాలు వ్రాసిన నలువదేండ్లలో నొక్కదానిపై నైనను ఆ సోదరి పేరు లేదు. ఆమె కల్పించిన యంచు లెన్ని యూళ్లలో నేయబడినవో యామెకే తెలియదు. ఇప్పుడు ప్రతి నమూనా మూలను పేరును తేదీయు వ్రాయుచున్నది. వడ్రంగులకు పలకను గాక నమూనా ప్రతినే వెలకిచ్చుచున్నది. సోదరీమణులు తెలియవలసిన చట్ట మొకటి కలదు. మన దేశమున చిత్రమునకు 1957 నాటి కాపీరైటు చట్టము రక్షణ మిచ్చును. కాని వస్తువులపై వాడదగిన నమూనాను 2000 నాటి డిజైనుల చట్టము క్రింద నమోదు చేయింపనిచో, దాని ననుసరించి యంత్రపద్ధతిని ఏబదికి మించిన ప్రతులు తయారైన పిమ్మట ఆ కాపీరైటు నశించును. నమోదైనచో పదియేండ్లును, కోరినచో మరి యయిదేండ్లును హక్కు నిలుచును. నమూనా లోకమునకు వెల్లడికాక మునుపే నమోదునకు దరఖాస్తు పెట్టవలెను. పదుగురికి చూపి, అమ్మి, పిదప తలచుకొనిన ప్రయోజనము లేదు.

రంపము కొనుట యందరికి సాధ్యము కాకపోవచ్చును. నమూనా రచనకు మాత్రము కాగితమును, అట్టముక్కయు, చిన్న చాకును చాలును. మీ యింటి పెద్దలు వేయు మెలికల ముగ్గు నొకదానిని కాగితముపై నెత్తి, గీతకు వెడల్పు నిచ్చి, ఖాళీలను కోసి, ఒక కొన పట్టి యెత్తి చూడుడు. ఏది రాలినదో ఏది నిలిచినదో అదియే మీకు తొలిపాఠము. నిలిచినదానిని నోటుపుస్తకమున భద్రపరచి, క్రింద ఆ ముగ్గు వేసినవారి పేరు వ్రాయ మరువకుడు.