కారు వెనుక విడిది బండి

నల్లగండ్లలో మా మేడపై నిలిచి చూచినచో ఒక ప్రక్క చెరువును, వేరొక ప్రక్క విశ్వవిద్యాలయపు రాతిగుట్టలును కనబడును. తక్కినదంతయు అంతస్తుల భవనములే. వారమున 5 దినములు హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు గడపు మావంటివారికి శనివారము వచ్చుసరికి ఊరు విడిచి పోవలెనని తోచుట సహజము. అందుచే కొందరు తమ పెద్దకారు వెనుక నొక చిన్న విడిది బండిని తగిలించి అనంతగిరి కొండలకో, నల్లమల వైపునకో పోవుచున్నారు. పరుండుటకు మంచము, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నియు నందే యుండును. దీనిని ట్రెయిలరందురు. నేనును అట్టిదొకటి కొంటిని. కొనుటకు ముందే నేర్వవలసిన సంగతులను కొన్న పిమ్మట నేర్చితిని. వానినే నేడు మనవి చేసెదను.

మొదటి ప్రయాణముననే మాకు ప్రాణభయము కలిగినది. కొల్లూరు వద్ద బాహ్యవలయ రహదారి నెక్కి చేవెళ్ళ దారికై పోవుచుంటిమి. వేగము గంటకు 80 కిలోమీటర్లు దాటినది. ప్రక్కనుండి పెద్ద లారీ యొకటి దాటిపోగా, ఆ గాలికి ట్రెయిలరు కుడియెడమల కూగసాగెను. ఊపు క్షణక్షణమునకు పెరిగెను. వెనుక సీటున మా యిద్దరు పిల్లలు, మా అమ్మగారు ఉన్నారు. నా బావమరిది "బావా, బ్రేకు వెయ్యి!" అని కేకవేసెను. భయముచే నాకు బ్రేకుమీదికి కాలు పోలేదు. యాక్సిలరేటరు వదలి, స్టీరింగును కదలనీయక పట్టుకొని కూర్చుంటిని. వేగము తగ్గినకొలది ఊపు తానే అణగెను. ఆనాడు చేతగాక చేసినదే సరియైన పని యని తరువాత తెలిసినది. అట్టి సమయమున కారు బ్రేకు గట్టిగా నొక్కినచో వెనుక బండి ముందునకు త్రోసికొని వచ్చి కారును అడ్డముగా త్రిప్పివేయును. స్టీరింగుతో ఎదురు త్రిప్పబోయిన ఊపు మరింత హెచ్చును.

ఇంటికి తిరిగివచ్చి ఈ సంగతి చెప్పగా, ఎడ్లబండి తోలి ముసలివారైన మా పెదనాయనగారు ట్రెయిలరు తలుపు తీసి చూచి, "యెనుకబరువు చేసినవ్ బిడ్డా, కాడి లేవదా మరి?" అనిరి. నీళ్ళ డబ్బాలు, బియ్యము, పిల్లల సైకిళ్ళు, అన్నియు చేతి కందునని వెనుక తలుపు దగ్గరనే పేర్చియుంటిమి. బండిలో బరువు ఇరుసునకు వెనుక పడినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడత్రాళ్ళు బిగియునని రైతుబిడ్డ కెవ్వరికైనను తెలియును. ఇంజనీరు పట్టా గల నాకు తోచలేదు.

ట్రెయిలరున కిదే మూలసూత్రము. బరువైన వస్తువులు ఇరుసుపైనను దానికి కొంచెము ముందును, క్రిందుగా నుండవలెను. ట్రెయిలరు నొగ కారు కొక్కెముపై మోపు బరువును ముక్కుబరువందము. అమెరికాలో ఇది మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళుండవలె నందురు. యూరపువారి లెక్క అంతకు తక్కువ. మా బండి సామానుతో 600 కిలోలు. ముక్కుబరువు 60 కిలోలుగా నుంచితిని. దీనిని తూచుటకు స్నానపుగదిలోని త్రాసు చాలును. ట్రెయిలరు చక్రములకు రాళ్ళడ్డము పెట్టి, త్రాసుపై నొక కఱ్ఱదుంగ నిలిపి, కొక్కెమంత ఎత్తున నొగను దానిపై మోపవలెను. ఈ బరువు కారు మోయవలసిన బరువులోనిదే యని మరువరాదు.

ఇక కారు సంగతి. ముందుగా కారుతో నిచ్చిన పుస్తకమును చదువుడు. ఎంత బరువు లాగవచ్చునో అందుండును. కొన్నిటిలో ట్రెయిలరును లాగనే కూడదని వ్రాసియుండును. అట్లున్నచో ఆ కారును వదలుడు. స్కార్పియో, ఫార్చ్యూనరు, థారు వంటివానికి క్రింద ఇనుప చట్రము వేరుగా నుండుటచే కొక్కెమును దానికి గట్టిగా బిగింప వీలగును. బంపరునకు బిగించు కొక్కెము అలంకారమే గాని ఆధారము కాదు. కొక్కెపు గుండు 50 మిల్లీమీటర్లదైనచో ట్రెయిలరు గిన్నెయు అంతటిదే కావలెను. అమెరికా కొలత 2 అంగుళములు, అనగా 50.8 మిల్లీమీటర్లు. ఈ చిన్న భేదమే గిన్నెను వదులు చేయును. గుండు క్రిందుగా రెండు గొలుసులను ఒండొంటిని దాటునట్లు తగిలింపవలెను. కొక్కెము వీడినను నొగ నేలపై పొడుచుకొనక ఆ గొలుసుల ఊయలలో పడును.

బ్రేకుల విషయమున పిసినారితనము తగదు. వేగము 60 నుండి 80 కైనప్పుడు ఆపవలసిన శక్తి ఇంచుమించు 1.8 రెట్లగును. యూరపు దేశములలో 750 కిలోలు మించిన ట్రెయిలరునకు స్వంత బ్రేకులు తప్పనిసరి. ఇవి రెండు తెరగులు. కారు నెమ్మదించినప్పుడు వెనుక బండి త్రోపుచే నొగ లోనికి నొక్కుకొని బ్రేకు పట్టునది ఒకటి. విద్యుత్తుచే పట్టునది రెండవది. మొదటిది చౌక. కాని అనంతగిరి దిగుదలవంటి చోట త్రోపు విడువక యుండుటచే ఎడతెగక రాసికొని వేడెక్కును. కాబట్టి దిగుటకు ముందే గేరు తగ్గించి, ఇంజనుచేతనే వేగమును పట్టి యుంచవలెను. వెనుకవారు హారను మ్రోగించిన మ్రోగింతురుగాక!

వెనుక దీపములకు తీగె, వెడల్పు అద్దములు, టైర్లలో తగిన గాలి, ఇవి చెప్పనక్కరలేని మాటలు. చట్టము సంగతి మాత్రము చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ట్రెయిలరును మోటారు వాహనముగనే ఎంచినది. దానికి వేరుగ రిజిస్ట్రేషను కావలెను. ఆ చట్టపు 52వ విభాగము వాహనమున చేయు మార్పులను కట్టడి చేయుచున్నది. కొక్కెము బిగించుటకు ముందే రవాణా కార్యాలయమునను భీమావారివద్దను విచారించుట మేలు. నడుచుచున్న ట్రెయిలరులో పిల్లలను ఎంత యేడ్చినను కూర్చుండనీయరాదు.

ఇక వెనుకకు నడుపుట. స్టీరింగును అడుగున పట్టుకొని, ట్రెయిలరు ఏ ప్రక్కకు పోవలెనో చేతిని ఆ ప్రక్కకే జరుపవలెను. చెప్పుట సులభము. నాలుగు ఆదివారములు ఖాళీ మైదానమున అభ్యసించితిని. అయినను మా భవనపు గేటులోనికి నేటికిని మూడవ ప్రయత్నమునగాని చేరలేకున్నాను. కావలివాడు ముందుగనే వచ్చి రెండు తలుపులును బార్లా తెరచి, దూరముగా పోయి నిలుచుండును.