గ్రేడింగ్‌కి పంపే ముందు మీ పోకెమాన్ కార్డుని ఫోన్‌తోనే చెక్ చేయడం ఎలా?

ప్యాక్ ఓపెన్ చేయగానే మెరిసే చారిజార్డ్ వచ్చింది. వెంటనే స్లీవ్‌లో పెట్టేశారు. ఇక గ్రేడింగ్‌కి పంపితే 10 గ్యారంటీ అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ప్యాక్‌లోంచి అప్పుడే తీసిన కార్డులో కూడా లోపాలు ఉండొచ్చు. కటింగ్ పక్కకి జరగడం, ప్రింట్‌లో గీత పడటం లాంటివి ఫ్యాక్టరీలోనే జరిగిపోతాయి.

1991లో అమెరికాలో మొదలైన పీఎస్‌ఏ లాంటి కంపెనీలు కార్డు ఒరిజినలా కాదా అని చూసి, కండిషన్‌ని బట్టి 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ కేసులో సీల్ చేస్తాయి. 9కి, 10కి మధ్య రేటులో చాలా తేడా ఉంటుంది. కానీ ఏ గ్రేడ్ వచ్చినా ఫీజు మాత్రం కట్టాల్సిందే. ఇండియా నుంచి పంపితే రానూపోనూ కొరియర్, కస్టమ్స్ ఖర్చులు అదనం. అందుకే ఏ కార్డు పంపకూడదో ముందే తేల్చుకోవాలి.

1. సెంటరింగ్

మొదట ఇదే చూడండి, ఎందుకంటే ఇది తేడాగా ఉంటే చేయగలిగిందేమీ లేదు. కార్డుని టేబుల్ మీద పెట్టి, ఫోన్‌ని సరిగ్గా దానికి పైన, సమాంతరంగా పట్టుకుని ఫోటో తీయండి. ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో ఎడమ, కుడి బోర్డర్లు ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో కొలవండి. ఎడమ 110, కుడి 90 ఉంటే 55/45 అన్నమాట. పీఎస్‌ఏ 10 రావాలంటే ముందు వైపు సుమారుగా ఈ లిమిట్ దాటకూడదు. వెనక వైపు 75/25 దాకా ఓకే. పైన, కింద బోర్డర్లు కూడా ఇలాగే కొలవాలి.

2. మూలలు, అంచులు

పోకెమాన్ కార్డు వెనక వైపు నీలం రంగులో ఉంటుంది కాబట్టి, రంగు కాస్త లేచినా లోపలి తెల్ల పేపర్ కనిపిస్తుంది. దీన్నే వైటెనింగ్ అంటారు. కార్డుని నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి, నాలుగు మూలలూ విడివిడిగా జూమ్ చేసి చూడండి.

3. సర్ఫేస్

ఎక్కువ మంది మిస్సయ్యేది ఇక్కడే. గదిలో లైట్లు ఆపేసి, ఇంకో ఫోన్ ఫ్లాష్‌లైట్‌ని పక్క నుంచి, బాగా వాలుగా కార్డు మీద పడేలా పెట్టండి. కార్డుని నెమ్మదిగా అటూ ఇటూ వంచకుండా తిప్పుతూ చూడండి. నేరుగా పడే లైట్‌లో కనిపించని సన్నని గీతలు, ప్రింట్ లైన్లు, చిన్న నొక్కులు అప్పుడు బయటపడతాయి.

ఫోన్ కెమెరాతో జాగ్రత్త

అల్ట్రావైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే అంచులు వంగినట్టు కనిపించి సెంటరింగ్ లెక్క తప్పుతుంది. 2ఎక్స్ లెన్స్ ఉంటే కొంచెం దూరం నుంచి తీయండి. బడ్జెట్ ఫోన్లలో ఉండే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా ఈ పనికి చాలదు. ఫోన్ సాఫ్ట్‌వేర్ ఫోటోని నున్నగా చేసేటప్పుడు సన్నని గీతలు కూడా మాయమైపోవచ్చు. అందుకే ప్రో మోడ్‌లో రా ఫార్మాట్ ఉంటే వాడండి. ఫైనల్‌గా కంటితో, 10ఎక్స్ భూతద్దంతో ఒకసారి చూసుకోండి.

ఇవి మాత్రం చేయకండి

పొడి మైక్రోఫైబర్ క్లాత్‌తో దుమ్ము మెల్లగా తుడవడం వరకే మన పని. తెల్లబడిన చోట మార్కర్ పూయడం, అంచులు కత్తిరించడం లాంటివి చేస్తే అసలు గ్రేడే ఇవ్వకుండా తిప్పి పంపొచ్చు. పీఎస్‌ఏ తొలి రోజుల్లో 8 గ్రేడ్ ఇచ్చిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు అంచులు తానే కత్తిరించానని డీలర్ బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. ఇంత ఫేమస్ కార్డు మీదే ఆ మచ్చ పడిపోయింది.

మరి పంపాలా, వద్దా?

చాలామంది 10 రేటు చూసి లెక్కలు వేసుకుంటారు. మీరు 9 రేటు చూడండి. ఈబేలో అడుగుతున్న రేట్లు కాదు, నిజంగా అమ్ముడైన రేట్లు చూడాలి. 9 రేటులోంచి గ్రేడింగ్ లేని కార్డు రేటు, మొత్తం ఖర్చులు తీసేశాక కూడా ఏమైనా మిగిలితే పంపేయండి. మిగలకపోతే, పైన చెప్పిన టెస్టుల్లో ఒక్క లోపం కనిపించినా ఆ కార్డుని మీ బైండర్‌లోనే ఉంచుకోండి.