గట్క ఒక్కటే చాలదు

పోలీసు కొలువుల నోటిఫికేషన్ పడిందంటే కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియం మొదలు ఆదిలాబాద్ పల్లెల్లోని హైస్కూల్ మైదానాల దాకా తెల్లారకముందే పరుగులు మొదలవుతాయి. 2022 నియామకాల్లో కానిస్టేబుల్ కావాలనుకున్న యువకుడు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 7.26 కిలోల గుండును ఆరు మీటర్లు వేయాలి. అట్లాంటి సాధన చేస్తున్న పిల్లవాడు మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశానంటే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న ఒక్కటే: ముక్క లేంది బలం ఏడికెళ్లి వస్తది? బిడ్డ మీద ప్రేమతో అడిగే ప్రశ్న అది, సరైన జవాబు చెప్పి తీరాలి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 99 శాతం మాంసాహారులే. అదే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తహీనతకు కారణాలు చాలానే ఉంటాయి, నిజమే. అయినా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మాంసం తినే ఇల్లు అన్నంత మాత్రాన ఒంటికి కావలసింది అందుతున్నట్టు కాదు. వారానికోసారి వండే కూర మిగతా ఆరు రోజుల పళ్లెం సంగతి చెప్పదు. వ్యాయామం చేసే శాకాహారి నీరసపడినా ముందుగా చూడాల్సింది ఆ రోజువారీ పళ్లెంలో ఏముంది, ఎంతుంది అన్నదే.

మొక్కల నుంచి వచ్చే ప్రొటీన్ నాసిరకం, దానితో కండ పెరగదు అన్నది ఎక్కువగా వినబడే అభ్యంతరం. బ్రెజిల్ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం సరిగ్గా దీన్నే పరీక్షించింది. పాలు కూడా ముట్టని 19 మంది యువకులను, అన్నీ తినే మరో 19 మందిని తీసుకుని పన్నెండు వారాలు కాళ్లకు బరువుల సాధన చేయించారు. శరీర బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా మొదటివాళ్లకు సోయా పొడి, రెండోవాళ్లకు పాల నుంచి తీసిన వే పొడి ఇచ్చారు. చివరికి కండలో గానీ బలంలో గానీ రెండు జట్లకూ తేడా కనబడలేదు. చిన్న అధ్యయనమే, యువకుల మీదే చేశారు, కాబట్టి అరవై ఏళ్లవాళ్లకు ఇదే వర్తిస్తుందని చెప్పలేం. కానీ పరుగు సాధన చేసే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది సూటిగా పనికొచ్చే ఆధారం. ఇందులో అసలు కీలకం ఆ 1.6 అన్న అంకె. మామూలు మనిషికి కిలోకు 0.83 గ్రాములు చాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతుంది, కష్టపడి సాధన చేసేవాళ్లకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా కావాలి. అరవై కిలోల మనిషి 85 గ్రాముల దగ్గర నిలబడాలనుకుందాం. 200 గ్రాముల జొన్న పిండి రొట్టెల్లో సుమారు 20 గ్రాములు, 150 గ్రాముల బియ్యంలో 12, అరవై గ్రాముల కందిపప్పులో 13, గుప్పెడు బబ్బెర్లు నానబెట్టి ఉడికించిన గుడాల్లో 13, యాభై గ్రాముల పల్లీల్లో 12, ముప్పై గ్రాముల మీల్ మేకర్‌లో 15 దాకా వస్తాయి. ఈ సరుకంతా ఏ మండల కేంద్రం కిరాణా కొట్టులోనైనా దొరికేదే. పప్పు నీళ్లలా పలచగా పోసుకుని అన్నం కుప్పగా పెట్టుకునే పళ్లెంలో మాత్రం ఇందులో సగం కూడా రాదు. ఆదిలాబాద్‌లో విరివిగా పండే సోయా గింజ నూనె మిల్లులకు, దాని పిండి కోళ్ల దాణాకు పోవడం, అది పండించిన ఇంట్లోనే పిల్లలకు ప్రొటీన్ కరువవడం నాకు బాధ కలిగించే విషయం.

ఈ లెక్కలన్నీ దేనికి, మా తాతలు జొన్న గట్క తిని రోజంతా నాగలి పట్టలేదా అని ఇంకొందరంటారు. మరుగుతున్న నీళ్లలో జొన్న రవ్వ పోసి, అడుగంటకుండా తెడ్డుతో కలియబెట్టి, మెత్తగా ఉడికిన గట్క ముద్దను మజ్జిగలో కలుపుకుని తాగేవాళ్లు, లేదా పప్పు పెట్టుకుని తినేవాళ్లు. తాతల గట్కకు తోడుగా మజ్జిగ, పప్పు ఉండేవి. ఆ తోడు లేని జొన్న ఏం చేస్తుందో దక్కన్ కూలీల ఒళ్ల మీద కనబడింది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న హైదరాబాద్ పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా 1960లో ఒక సంగతి బయటపెట్టారు. దాదాపు జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా వస్తోంది. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ దండలా చర్మం నల్లబడి, నాలుక పూసి, విరేచనాలతో మనిషి కుంగిపోయే జబ్బు అది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువవడమే మూలమని వాళ్లు వాదించారు. ఆ కారణం మీద తర్వాత చర్చ నడిచినా, ఒకే ధాన్యం మీద బతకడం ప్రమాదమన్నది ఎవరూ కాదనలేదు. ధాన్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. కాబట్టి మజ్జిగ వదిలేసిన మనిషి గట్క పక్కన పప్పును రెండింతలు చేసుకోవాలి.

వ్యాయామం మధ్యలో కాళ్లు పట్టేసి నీరసపడేవాళ్లలో చాలామందికి లోటు ప్రొటీన్‌ది కూడా కాదు, మొత్తం తిండిదే. జొన్న రొట్టె, గుడాలు, ఆకుకూరల్లో పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, కేలరీలు మాత్రం తక్కువపడతాయి. సద్దుల బతుకమ్మకు చేసుకునే నువ్వుల సత్తు, పల్లి సత్తు ఇక్కడ అక్కరకొస్తాయి. చిన్న ముద్దలోనే చాలా శక్తి ఉంటుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు, పల్లీలు, నువ్వులు, బెల్లంతో చేసే లడ్డూ కూడా అట్లాంటిదే, నెయ్యి కలపలేదని అడిగి తెలుసుకుంటే చాలు. పరుగుకు గంట ముందు అరటిపండో పలచటి అంబలో సరిపోతుంది. గుడాలు, పప్పు పరుగయ్యాక తినాలి, లేకపోతే కడుపుబ్బరంతో పక్క పట్టేస్తుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే పప్పులోని ఇనుము సరిగా ఒంటబట్టదు, నిమ్మకాయో ఉసిరికాయో పక్కనుంటే బాగా పడుతుంది.

ఇంత చెప్పాక కూడా ఒక్క దగ్గర ముక్క అడిగినవాళ్లదే న్యాయం. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు, నాచు పొడులు కూడా ఆ పని చేయవు. పెద్దలకు కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి పాలు, గుడ్లు మానేసిన మొదటి ఏడాది తేడా తెలియకపోవచ్చు. ఆ నిల్వ కరిగాక ఆయాసం, అరికాళ్ల తిమ్మిరి, నడకలో తడబాటు వస్తాయి. బాగా ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన చెరుపు పూర్తిగా మానదు. పూర్తి శాకాహారం పట్టిన రోజు నుంచే డాక్టర్‌ను అడిగి బి12 మాత్ర మొదలుపెట్టాలి, ఏడాదికోసారి హిమోగ్లోబిన్‌తో పాటు దాన్ని కూడా రక్తపరీక్షలో చూపించుకోవాలి.