మతిమరుపుకు అయస్కాంతమా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు వాళ్ళు ఎక్కడ కలిసినా ఈమధ్య నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. "మా అత్తమ్మకు మతిమరుపు ఎక్కువైంది. హైదరాబాదులో తలకు అయస్కాంతం పెట్టి నయం చేస్తారటగదా, తీసుకుపొమ్మంటారా?" అని. బస్సెక్కే ముందు ఆ మతిమరుపు ఏ రకందో, ఆ యంత్రం ఏం చేస్తుందో కాస్త తెలుసుకుందాం.

కళ్ళజోడు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతకడం మనకూ ఉన్నదే. అది జబ్బు కాదు. చెప్పిన మాటే గంటలో మూడుసార్లు చెప్పడం, నలభై ఏళ్ళుగా కలుపుతున్న పులిహోర పాళ్ళు తడబడడం, పాలలెక్క తేలకపోవడం ఇంట్లోవాళ్ళ కంట పడుతున్నాయనుకోండి. అయినా ఆమె తన పనులు తనే చేసుకుంటోంది. ఈ మధ్యస్థితిని డాక్టర్లు 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్' అంటారు. స్వల్ప జ్ఞాపకలోపం అని మనం అనుకుందాం. ఇది డిమెన్షియా కాదు. ఈ లోపంతో ఆసుపత్రికి వచ్చేవారిలో ఏడాదికి నూటికి పది పదిహేనుమంది డిమెన్షియాలోకి జారుతారు. చాలామంది ఉన్నచోటే ఉంటారు. కొందరు మళ్ళీ మామూలు మనుషులవుతారు కూడా.

ఇక యంత్రం సంగతి. సినిమాల్లో చూపించే షాకు ట్రీట్‌మెంటు ఇదేనేమో అని భయపడేవాళ్ళున్నారు. అది వేరు, ఇది వేరు. దీనికి మత్తు ఇవ్వరు, కోత లేదు, ఆసుపత్రిలో పడుకోనక్కరలేదు. రాగితీగె చుట్టను తలకు ఆనించి పట్టుకుంటారు. అందులో క్షణకాలం బలమైన కరెంటు పారితే అయస్కాంతశక్తి పుట్టి, పుర్రెను దాటి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున మెదడు కణాలలో చిన్న విద్యుత్తును కలిగిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేదీ దానితోనే. మనిషి మెదడు మీద ఈ పద్ధతిని 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కరు, ఆయన తోటివారు చేసి చూపించారు. చుట్టను తలమీద ఒకచోట పెట్టి మీట నొక్కితే అవతలిపక్క చేతి బొటనవేలు దానంతటదే కదులుతుంది! ఆ కదలికను బట్టే ఎవరికి ఎంత శక్తి కావాలో డాక్టరు నిర్ణయిస్తారు. జ్ఞాపకశక్తి కోసమైతే తర్వాత చుట్టను ఎక్కువగా నుదుటికి ఎడమవైపు పైభాగానికి జరుపుతారు. టకటకమని చప్పుడు వస్తుంది, అందుకని చెవులకు బిరడాలు పెడతారు. కొందరికి తలనొప్పి రావచ్చు, బహు అరుదుగా ఫిట్సు రావచ్చు.

రెండో పద్ధతి ఇంకా సాదా. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ముక్కలను తలకు కట్టి, ఇరవై ముప్పై నిమిషాలు ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు పంపుతారు. చర్మం మీద చిమచిమలాడుతుంది, అంతే.

మరి గుణమిస్తుందా? అయస్కాంత చికిత్సకు మనోవ్యాకులతకై అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది. జ్ఞాపకలోపానికి మాత్రం అక్కడ ఇంకా అనుమతి లేదు. ఇంతవరకు జరిగిన పరీక్షలు ఎక్కువగా కొద్దిమందితో జరిగినవి. కొందరికి కొన్ని వారాలో నెలలో జ్ఞాపకం మెరుగుపడింది. కెనడాలోని టొరాంటోలో 375 మంది వృద్ధులపై స్పాంజి పద్ధతిని, మెదడుకు అభ్యాసాలతో కలిపి, ఏళ్ళ తరబడి పరీక్షించారు. ఫలితాలు 2024లో వచ్చాయి. క్షీణత కాస్త నెమ్మదించింది. అయితే ఆ మేలు ఎక్కువగా గతంలో మనోవ్యాకులత ఉండి తగ్గినవాళ్ళలో కనిపించింది. కాబట్టి ఎవరైనా "గ్యారంటీగా నయమవుతుంది" అంటే నేనైతే అక్కడ డబ్బు కట్టను.

ఇంకో లెక్క చూడండి. ఈ చికిత్స పది నుంచి ముప్పై సిట్టింగులు, వారానికి అయిదు రోజులు. సూర్యాపేట నుంచి హైదరాబాదు దాదాపు 135 కిలోమీటర్లు. ముప్పైసార్లు పోయిరావాలంటే ఎనిమిదివేల కిలోమీటర్లు! కోదాడవాళ్ళకు ఇంకా ఎక్కువ. మోకాళ్ళనొప్పుల పెద్దామెకు ఆ బస్సు ప్రయాణమే ఒక జబ్బు.

అందుకే ముందు మన ఊరి డాక్టరు దగ్గరకే వెళ్ళండి. మళ్ళీ మామూలయ్యేవాళ్ళున్నారన్నాను చూడండి, వాళ్ళలో చాలామందికి కారణం చిన్నదే ఉంటుంది. థైరాయిడు తగ్గడం, బి-12 లోపం (మాంసం ముట్టనివాళ్ళలో, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో ఇది ఎక్కువ), నిద్రమాత్రలు, దిగులు, వినికిడి మందగించడం. వినబడని మాట గుర్తెలా ఉంటుంది చెప్పండి? మామయ్య పోయినప్పటినుంచి అత్తమ్మ ముభావంగా ఉంటే అది మతిమరుపో, దుఃఖమో కూడా చూడాలి. రక్తపరీక్షకు నమూనా మన ఊళ్ళోనే ఇవ్వవచ్చు.

"మా అత్తమ్మకు చదువు రాదు, పరీక్షలెలా చేస్తారు?" అంటారేమో. ఐ.సి.ఎం.ఆర్. వారు తెలుగుతో సహా అయిదు భారతీయ భాషలలో జ్ఞాపకశక్తి పరీక్షలు తయారుచేయించారు. చదువురానివాళ్ళకూ అవి పనికొస్తాయి. ఆ కృషిలో ముఖ్యులు డాక్టరు సువర్ణ అల్లాడి. హైదరాబాదు నిమ్స్‌లో ఉండగా ఆమె బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందని 2013లో వెల్లడించింది. చదువు లేనివాళ్ళలోనూ తేడా కనిపించింది. తెలుగూ ఉర్దూ గలగలా మాట్లాడే మన పేట ముసలమ్మలకు ఈ మాట చెప్పండి, సంతోషిస్తారు.

ఇవన్నీ చూశాక కూడా న్యూరాలజీ డాక్టరు యంత్రం మంచిదే అంటే ధైర్యంగా వెళ్ళండి. పేస్‌మేకరు ఉన్నా, తలలో లోహపు క్లిప్పు వేసి ఉన్నా, ఎప్పుడైనా ఫిట్సు వచ్చినా ముందే చెప్పాలి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుపోయి చూపించండి. ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చెంత, ఏ తేదీన మళ్ళీ పరీక్ష చేసి గుణం తేలుస్తారు, గుణం కనబడకపోతే ఎక్కడ ఆపుతారు – ఈ నాలుగూ డబ్బు కట్టకముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.