తేనెలోనూ విషమున్న తీగ

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ఫిబ్రవరి నాటికి చాలా చెట్లు ఇంకా మోడులుగానే ఉంటాయి. ఆ రోజుల్లో కంచెల మీద, అడవి అంచున పైన్ కొమ్మల మీద ఒక తీగ విరగబూస్తుంది. నున్నటి సన్నాకులు, గన్నేరు పువ్వంత లేని చిన్న పసుపు బాకా పూలు, తియ్యని వాసన. దాని పేరు కరోలినా జెస్సమిన్, శాస్త్రనామం జెల్సీమియం సెంపర్‌వైరెన్స్. వర్జీనియా నుంచి ఫ్లోరిడా దాకా, పడమట టెక్సాస్ దాకా అది అక్కడి నేలకు పుట్టిన మొక్క. సౌత్ కరోలినా 1924లో దాన్ని తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది.

షార్లెట్‌లోనో అట్లాంటాలోనో డాలస్‌లోనో ఇల్లు కొనుక్కుని మల్లెతీగ కోసం నర్సరీకి వెళ్లే తెలుగువాళ్లకు ఇదే తీగ ‘కరోలినా జాస్మిన్’ అన్న చీటీతో ఎదురవుతుంది. మల్లెకూ దీనికీ చుట్టరికం లేదు. చాలాకాలం శాస్త్రజ్ఞులు దీన్ని మన ముష్టి చెట్టు కుటుంబంలో ఉంచారు. 1994లో వేరు కుటుంబం చేశారు. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉన్నట్టే దీని వేరు, కాండం, ఆకు, పువ్వు అన్నిటిలోనూ జెల్సిమిన్, దాని తోటి ఆల్కలాయిడ్లు ఉంటాయి. అవి నాడులను దెబ్బతీస్తాయి. కళ్లు తిరుగుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, రెప్పలు వాలిపోతాయి, కండరాలు పట్టు తప్పుతాయి. మోతాదు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. దీనికంటూ ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. విషప్రభావం దిగేదాకా ఆసుపత్రిలో శ్వాసను నిలబెట్టడమే చికిత్స.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది దీని తేనె. మన పిల్లలు నూరువరహాల పువ్వు తెంపి కాడ చివర చప్పరించినట్టే అక్కడి పిల్లలు హనీసకుల్ పువ్వు తేనె చప్పరిస్తారు. హనీసకుల్ అనుకుని ఈ పువ్వును నోట పెట్టుకుని జబ్బుపడిన పిల్లలున్నారు. రెంటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. కంచెల మీద ఎక్కువగా కనిపించే జపనీస్ హనీసకుల్‌లో కేసరాలు పువ్వు బయటికి పొడుచుకొస్తాయి, రేకులు పైపెదవి కింది పెదవిలా చీలి ఉంటాయి. కరోలినా జెస్సమిన్‌లో అయిదు రేకులూ ఒకే తీరున గుండ్రంగా విచ్చుకుంటాయి. కాయ సంగతి చూసినా, హనీసకుల్‌ది కండగల పండు, దీనిది ఎండి పగిలే కాయ.

కీటకాలను పిలవాల్సిన తేనెలో విషమెందుకన్న ప్రశ్నను లిన్ యాడ్లర్, రెబెక్కా ఇర్విన్ అనే పరిశోధకులు ఈ తీగ మీదే పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. తేనెలో జెల్సిమిన్ పెరిగేకొద్దీ, పువ్వుకు పక్కన కన్నం పెట్టి తేనె దోచేవే కాదు, పుప్పొడి మోసే తేనెటీగలు కూడా తక్కువ పూలమీద వాలాయి, తక్కువసేపు ఉన్నాయి. మొక్కకు అక్కడ దక్కింది నష్టమే. 2010లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో కోణం చూపింది. పేగులో పరాన్నజీవి సోకిన బంబుల్‌బీలకు జెల్సిమిన్ కలిపిన తీపినీళ్లు పెడితే ఆ పరాన్నజీవుల సంఖ్య తగ్గింది. మనిషి పిల్లవాడికి ప్రమాదమైనది ఆ ఈగకు మందుగా పనిచేస్తోంది. ఈ తీగను పీకి పారేయమని నేననలేకపోవడానికి అదొక కారణం.

మనుషులూ దీన్ని మందుగా వాడారు. పందొమ్మిదో శతాబ్దంలో నరాల నొప్పికి దీని వేరు టింక్చర్ ఇచ్చేవారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ ఇరవయ్యేళ్ల వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు ఆ టింక్చర్‌ను రోజురోజుకూ పెంచుతూ తనమీదే ప్రయోగించుకున్నాడు. సుమారు 12 మిల్లీలీటర్ల దాకా వెళ్లాక విరేచనాలు, తలనొప్పి, దిగులు భరించలేక ఆపేశాడు. ఆ వివరాలు 1879లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

మన ఇళ్లలో పరీక్ష భయానికి వేసే హోమియో జెల్సీమియం పేరు కూడా ఈ మొక్కదే. ముప్ఫై, రెండువందల పొటెన్సీల మాత్రల్లో మొక్క పదార్థం ఆనవాలు కూడా మిగలదు. మదర్ టింక్చర్ అలా కాదు, అందులో మొక్క సారం ఉంటుంది. దాన్ని సొంతంగా చుక్కలు లెక్కపెట్టుకుని తాగడం ప్రాణంతో చెలగాటం. మాత్రలు ఏమీ చెయ్యలేదు కదా అని పెరట్లోని ఆకునో వేరునో నమ్మడం అంతకంటే పెద్ద పొరపాటు.

పెంచుకోవాలనుంటే పెంచుకోండి. చిన్నపిల్లలు ఆడుకునే చోట, మేకలు, గుర్రాలు మేసే కంచె మీద మాత్రం వద్దు. చలికాలంలో మిగతా పచ్చికంతా ఎండినప్పుడు పచ్చగా ఉండేవాటిలో ఇదొకటి కాబట్టి పశువులు దీనికి నోరు పెడతాయి. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, కొందరికి రసం తగిలితే చర్మం మండుతుంది. పూలు దేవుడి పటానికి పెట్టినా తీర్థంలోనూ ప్రసాదం పళ్లెంలోనూ వేయకండి. పిల్లలు నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, రాత్రీపగలూ పలుకుతుంది. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, బిడ్డ తూలుతున్నా నేరుగా 911కి ఫోన్ చేయండి. తిన్న కొమ్మను కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి.