మూడు నెలల చక్కెర లెక్క ఒక్క రక్తబిందువున కెట్లు తెలియును?

న్యూజెర్సీ రాష్ట్రమందలి ఐసెలిన్‌లో, మిఠాయి దుకాణములు, భోజనశాలలు బారులు తీరిన ఓక్ ట్రీ రోడ్డు పరిసరములందు నివసించు తెలుగు బాలలారా, మధుమేహమున్న పెద్దలు "ఏ వన్ సీ ఎంత వచ్చినది?" అని యడుగుకొనుట మీరు వినియే యుందురు. పరగడుపున చేయు పరీక్ష ఆ పూటి చక్కెరనే తెలుపుచుండగా, ఈ ఏ వన్ సీ పరీక్షకు గత రెండు మూడు మాసముల వృత్తాంత మెట్లు తెలియును?

ఎఱ్ఱకణములందుండి రక్తమునకు ఎఱ్ఱదనము నొసగు హీమోగ్లోబిన్‌కు గ్లూకోజు మెల్లమెల్లగా అంటుకొని, ఆ ఎఱ్ఱకణము జీవించు సుమారు 120 దినములును దానిని వీడక యుండును. కావున రక్తమున చక్కెర యెంత హెచ్చుగ నుండునో, చక్కెర యంటిన హీమోగ్లోబిన్ శాతమును అంత హెచ్చును. మధుమేహరోగుల రక్తమందలి యీ విశేషమును 1968లో ఇరాను శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రహ్బర్ వెల్లడించెను.

ఈ శాతమే ఏ వన్ సీ. ఇది 5.7 కంటె తక్కువైనచో సామాన్యము, 5.7 మొదలు 6.4 వఱకు హెచ్చరిక, 6.5 గాని అంతకు మించిగాని యున్నచో, సాధారణముగ మఱల పరీక్షించి, మధుమేహమని వైద్యులు నిర్ణయింతురు. రక్తహీనత వంటి స్థితులలో ఈ లెక్క తప్పవచ్చును.

పరీక్షకు ముందునాడు మాత్రమే మిఠాయి మానిన తాతగారిని ఈ సంఖ్య మన్నింపదు. కనుక ప్రతిదినము వారిని వెంటబెట్టుకొని నడకకు బయలుదేరుడు.