నడిసముద్రమున వేలంపాట

వేలంవెర్రి యను మాట తెలుగువారు ఊరక పుట్టించినది కాదు. పాట హెచ్చినకొలది పాడువారి పంతము హెచ్చును. సరకు మాత్రము ఉన్నచోటనే ఉండును. సంతలో మేకను పాడుకొనువాడు కనీసము దాని పండ్లు చూచును. విహారనౌకలలో చిత్రములు పాడుకొనువారికి ఆ పాటి అవకాశము దొరకుట అరుదు.

కరిబియన్ సముద్రమున తిరుగు నౌకలలో ఇట్టి వేలములు ఏండ్లతరబడి జరుగుచున్నవి. ముందుగా షాంపేను ఉచితముగా పోయుదురు. పిదప పికాసో, షగాల్, డాలీ పేర్లు వినిపించును. అమ్ముడుపోవునవి చాలవరకు అచ్చుప్రతులు. అచ్చుప్రతి యన్నంతమాత్రమున హీనమని కాదు. చిత్రకారుడే ఫలకము సిద్ధపరచి, పరిమితముగా ప్రతులు తీయించి, ఒక్కొక్కదానిపై పెన్సిలుతో సంతకము చేసిన దానికి గౌరవము కలదు. చిక్కెల్ల ఆ సంతకముతోనే.

స్పెయిన్ దేశపు చిత్రకారుడు సాల్వడార్ డాలీ (1904–1989) ఖాళీ కాగితములపై వేలకొలది సంతకములు చేసి యిచ్చెను. 1974లో ఫ్రాన్సు సుంకాధికారులు అండొర్రా సరిహద్దున ఒక బండిని ఆపగా, అందు ఆయన సంతకము గల తెల్లకాగితములు 40,000 కనబడెను. బొమ్మ లేదు, సంతకము కలదు! దానిపై ఎవడు ఏమి అచ్చువేసినను సంతకము అసలుదే యగును. ఖాళీ నోటుపై వ్రేలిముద్ర వేసిన రైతు కథ మనకు క్రొత్త కాదు. అచట మోసపోయినది వ్రేలిముద్ర వేసినవాడు, ఇచట కొన్నవాడు.

నౌకపై విలువ కట్టువారు, ధ్రువపత్రము నిచ్చువారు, అమ్మువారు తరచు ఒక్కరే. గోడపై చూచిన ప్రతికి బదులు గిడ్డంగినుండి వేరొక ప్రతి ఇంటికి వచ్చుట కూడ కలదు. ఒకే ముద్రణకు పెక్కు ప్రతులు చేతనుండగా పోటీ యెక్కడిది?

2008 నాటికి కొందరు కొనుగోలుదారులు అమెరికాలో వ్యాజ్యములు వేసిరి. ఇల్లు చేరి విచారింపగా, తాము చెల్లించిన ధరకును చిత్రముల విలువకును పొంతన లేదని వారి వాదము. అమ్మకందారులు ఆరోపణలను త్రోసిపుచ్చిరి. నకిలీ యని ఋజువు చేయుట కష్టము. అసలైనదానిని అధిక ధరకు అమ్ముట, అబద్ధమాడనంతవరకు, సాధారణముగా నేరమే కాదు. అదియునుగాక, తీరమునకు 12 నాటికల్ మైళ్లు దాటిన పిదప ఏ దేశపు చట్టము వర్తించునన్న తగవు వేరొకటి.

సంతకము చేతిదా, ఫలకముతోపాటు అచ్చైనదా? అచ్చువేసిన దెవరు? ఇదే ముద్రణ తీరమున ఏ ధరకు పోయినది? కొనదలచినవాడు ఇవి అడుగవలెను. చివరిదానికి జవాబు వెదకువరకు వేలము వేయువాడు ఆగడు. అప్పటికే మూడవసారి యని సుత్తి కొట్టియుండును.